కుడి డొక్కలో పోటు, మూడు వారాల జ్వరం: పక్కటెముకల లెక్క తేల్చిన ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య నీరు) కేసు

రోగి, ఫిర్యాదు

38 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ, బరువు 46 కిలోలు. ఎవరన్నది తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం. మూడు వారాలుగా పొద్దువాలేసరికి జ్వరం, పొడి దగ్గు, కుడి డొక్కలో పోటు. మొదటి పది రోజులు గాలి గట్టిగా పీల్చినా దగ్గినా నొప్పి పొడుచుకొచ్చేది. తర్వాత నొప్పి దానంతటదే తగ్గి, దాని స్థానంలో ఆయాసం మొదలైంది. కుడి పక్కకు ఒత్తిగిలితే తప్ప నిద్ర పట్టడం లేదు. ఆకలి చచ్చిపోయింది, నాలుగు కిలోలు తగ్గారు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు. ఇంట్లో ఒకరు రెండేళ్ల కిందట టీబీ మందులు వాడారు.

నొప్పి తగ్గి ఆయాసం పెరగడమే ఈ కథలో మొదటి ఆధారం. ఊపిరితిత్తిని కప్పి ఉన్న ప్లూరా లోపలి పొర, ఛాతీ గోడకు అంటుకుని ఉన్న బయటి పొర వాచి ఒకదానితో ఒకటి రాసుకున్నంత కాలం పోటు ఉంటుంది. మధ్యలో నీరు చేరితే పొరలు విడిపోతాయి, రాపిడి ఆగుతుంది, నొప్పి పోతుంది. రోగి నయమవుతోందనుకుంటారు. మందులిచ్చిన వారు కూడా అదే అనుకుంటే వారం, పది రోజులు వృథా అవుతాయి.

ఈమె విషయంలో ఇంకో చిక్కు తోడైంది. నొప్పి డొక్క దగ్గరే ఆగకుండా కుడి భుజం మీదికి, కడుపు పైభాగానికి కూడా పాకింది. అందుకని ముందు గ్యాస్ అనుకుని పాంటాప్రజోల్ ఇచ్చారు, తర్వాత పిత్తాశయంలో రాళ్లేమోనని అనుమానించారు. ఈ పొరపాటుకు అనాటమీలోనే కారణం ఉంది. ఛాతీకీ కడుపుకీ మధ్య గోడలా ఉండే కండరం డయాఫ్రం. దాని మధ్య భాగాన్ని కప్పిన ప్లూరాకు స్పర్శ ఫ్రెనిక్ నరం ద్వారా వస్తుంది. ఆ నరం వేర్లు మెడలోని 3, 4, 5 నరాలు. భుజం పైభాగపు చర్మానికీ స్పర్శ 3, 4 నరాలదే, కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. డయాఫ్రం అంచులకేమో కింది పక్కటెముకల మధ్య నరాలు వస్తాయి. కడుపు గోడకు వెళ్లేవీ అవే గనుక ఆ నొప్పి కడుపులో తెలుస్తుంది. కుడివైపు కడుపు నొప్పితో జ్వరం వచ్చినవారి వీపు వినకుండా పంపకూడదని గట్టిగా చెప్పడం ఇందుకే.

చివరికి కడుపు అల్ట్రాసౌండ్ తీస్తే పిత్తాశయం, కాలేయం మామూలుగా ఉన్నాయి. రిపోర్టు చివరి వరుసలో “కుడి ప్లూరాలో ఒక మోస్తరు నీరు” అని ఉంది. నీరు తీయించుకోమని, డొక్క వెనుక భాగాన పెన్నుతో ఒక ఇంటూ గుర్తు పెట్టి పంపారు. ఆ గుర్తు గురించి తర్వాత చెప్పుకుందాం.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

ఆసుపత్రిలో చేరేసరికి జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్, నాడి నిమిషానికి 108, శ్వాస 26, బీపీ 110/70, మామూలు గాలిలో ఆక్సిజన్ 94 శాతం. ఛాతీ పరీక్షలో మొదటి పని స్టెతస్కోపు పెట్టడం కాదు, ఎముకలు లెక్కపెట్టడం. మొదటి పక్కటెముక కాలర్ బోన్ కింద దాగి ఉంటుంది, చేతికి దొరకదు. అందుకే రెండోదాన్నుంచి మొదలుపెట్టాలి.

మెడ కింద రొమ్ము ఎముక పైఅంచున ఉన్న పల్లంలో వేలు పెట్టండి. అక్కణ్నుంచి ఎముక మీదుగా దాదాపు 5 సెంటీమీటర్లు కిందికి జార్చితే అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. అదే లూయీ కోణం. సన్నగా ఉన్నవారిలో కంటికే కనబడుతుంది. ఒళ్లున్నవారిలో చూపుడువేలిని కాస్త నొక్కి జార్చాలి. ఆ గట్టు నుంచి పక్కకు జరిగితే చేతికి తగిలేది రెండో పక్కటెముక మృదులాస్థి, దాని కిందిది రెండో సందు. పక్కటెముకకు ఏ నంబరో, దాని కింది సందుకూ అదే నంబరు. వెనుకవైపు ఇదే కోణం ఎత్తున 4, 5 ఛాతీ వెన్నుపూసల మధ్య డిస్క్ ఉంటుంది. శ్వాసనాళం రెండుగా చీలేది కూడా దాదాపు ఇక్కడే.

రెండో సందు దొరికాక రొమ్ము ఎముక అంచు వెంబడి నేరుగా కిందికి దిగితే లెక్క తప్పుతుంది. కింది మృదులాస్థులు ఒకదానికొకటి ఆనుకుని సందులు ఇరుకైపోతాయి. వేలిని కిందికీ పక్కకూ ఏటవాలుగా, మిడ్ క్లావిక్యులర్ గీత (కాలర్ బోన్ మధ్య నుంచి నిలువుగా దిగే ఊహా గీత) వైపు జార్చుకుంటూ లెక్కపెట్టాలి. మగవారిలో చనుమొన సుమారు నాలుగో సందులో ఉంటుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆడవారిలో ఆ గుర్తును అసలు నమ్మకూడదు. ఈమెలోనూ రొమ్మును పైకెత్తి పట్టుకోమని చెప్పి, కింద ఎముకలు తడిమే లెక్కపెట్టాం.

వీపు మీద రెక్క ఎముక సాయం చేస్తుంది. చేతులు పక్కన వేలాడేసి కూర్చున్నప్పుడు రెక్క ఎముక పైన ఉండే అడ్డగట్టు లోపలి కొన మూడో ఛాతీ వెన్నుపూస ముల్లు ఎత్తున, కింది కొన ఏడో ముల్లు ఎత్తున ఉంటాయి. ఆ కింది కొన దగ్గర తగిలేది ఏడో పక్కటెముక లేదా ఏడో సందు. కానీ నీరు తీసేటప్పుడు రోగిని చేతులు ముడిచి ముందున్న బల్ల మీదికి వాలమంటాం. అలా వాలగానే రెక్క ఎముక పక్కకు, కాస్త పైకి జరిగిపోతుంది. కింది కొన ఇక ఏడో పక్కటెముక మీద ఉండదు. చేతులు వేలాడేసినప్పుడు లెక్కపెట్టి చర్మం మీద గుర్తు పెట్టి, వాలిన తర్వాత అదే గుర్తును వాడేవారూ తప్పుతారు, ఎందుకంటే చర్మం కూడా ఎముక మీద జరుగుతుంది. వాలిన భంగిమలోనే, ముందు నుంచి లెక్కపెట్టుకొచ్చిన పక్కటెముకను వేలితో వెంబడించి వెనక్కి తీసుకురావడం ఒక్కటే నమ్మకమైన దారి. కింద 12వ పక్కటెముక నుంచి పైకి లెక్కపెడదామంటే అది కొందరిలో పొట్టిగా ఉండి చేతికి తగలదు. 11వదాన్ని 12 అనుకుంటే మొత్తం లెక్క ఒక మెట్టు తప్పుతుంది.

ఊపిరితిత్తి అంచు, ప్లూరా అంచు

ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గర చాలా తప్పులు పుడతాయి. మామూలుగా ఊపిరి తీస్తున్నప్పుడు ఊపిరితిత్తి కింది అంచు మిడ్ క్లావిక్యులర్ గీత మీద 6వ పక్కటెముక దగ్గర, చంక మధ్య గీత మీద 8వదాని దగ్గర, వెనుక వెన్ను పక్కన 10వదాని దగ్గర ఉంటుంది. ప్లూరా సంచి అడుగు మాత్రం అవే గీతల మీద 8, 10, 12. ప్రతి చోటా రెండు పక్కటెముకల తేడా. ఆ మధ్య జాగాలో మామూలు ఊపిరికి ఊపిరితిత్తి దిగదు. డయాఫ్రం ఛాతీ గోడకు ఆనుకుని ఉంటుంది. దీన్నే కాస్టోడయాఫ్రగ్మాటిక్ రిసెస్ అంటాం. నిలబడినా కూర్చున్నా నీరు మొదట దిగేది ఈ గాడిలోకే.

కుడి వైపు చంక మధ్య గీత మీద సూది గుచ్చితే ఏమేం తగులుతాయో ఊహించుకుంటే దీని విలువ తెలుస్తుంది. 7, 8 పక్కటెముకల ఎత్తున సూది ఊపిరితిత్తి, ప్లూరా, డయాఫ్రం దాటి కాలేయంలోకి వెళ్తుంది. 9, 10 ఎత్తున ఊపిరితిత్తి తగలదు. ప్లూరా గాడి, డయాఫ్రం, కాలేయం. 11 దగ్గరైతే ప్లూరా కూడా లేదు, డయాఫ్రం దాటగానే కాలేయమే. ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల వెనుక ప్లీహం ఉంటుంది, దాని పొడవు 10వ పక్కటెముక వెంబడి సాగుతుంది. ఛాతీలో ఉన్నామనుకుంటూ కడుపులోకి సూది దించడానికి రెండు పక్కటెముకల తప్పు చాలు.

పైన కూడా ఇలాంటి సంగతే ఉంది. ఊపిరితిత్తి శిఖరం కాలర్ బోన్ లోపలి మూడో వంతు మీదుగా సుమారు 2.5 సెంటీమీటర్లు మెడలోకి లేస్తుంది. మెడలోని పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ గొట్టం వేసినప్పుడు, కాలర్ బోన్ పైన నరం మొద్దుబరిచే ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చేది అందుకే.

ఊపిరితిత్తిని చీలికలు విడదీసే భాగాలు లోబ్‌లు. వాటి గీతలు కూడా చర్మం మీద గీసుకోవచ్చు. ఏటవాలు చీలిక వెనుక మూడో ఛాతీ వెన్నుపూస ముల్లు దగ్గర మొదలై, చంక మధ్య గీత మీద 5వ పక్కటెముకను దాటి, ముందు 6వ పక్కటెముక మృదులాస్థితో కలిసే చోట ముగుస్తుంది. రోగి చేతులు తల వెనక్కి పెట్టుకుంటే రెక్క ఎముక లోపలి అంచు తిరిగి, దాదాపు ఈ గీత వెంబడే నిలుస్తుంది. కుడివైపు మాత్రమే ఉండే అడ్డ చీలిక 4వ మృదులాస్థి ఎత్తున రొమ్ము ఎముక నుంచి బయల్దేరి చంక మధ్యలో ఏటవాలు చీలికను కలుస్తుంది. ఈ రెండు గీతలు గీస్తే వీపు దాదాపు అంతా కింది లోబ్‌దేనని, కుడి మధ్య లోబ్ ముందువైపు 4, 6 పక్కటెముకల మధ్యే ఉంటుందని కనబడుతుంది. వీపు మాత్రమే విని “ఛాతీ బాగుంది” అని రాసేవారు మధ్య లోబ్‌ను అసలు వినలేదన్నమాట. ఆడవారిలో రొమ్ము కింద దాగి ఉండేది కూడా అదే భాగం. చంక వింటే మూడు లోబ్‌లూ ఒకే చోట చేతికి అందుతాయి, హడావిడి ఓపీలో చంకను వదిలేయకూడదు.

ఈమె ఛాతీలో దొరికింది

శ్వాసనాళం కాస్త ఎడమకు జరిగింది. గుండె కొట్టుకునే చోటు ఎడమ 5వ సందులోనే, మిడ్ క్లావిక్యులర్ గీతకు కొంచెం బయట. కుడి ఛాతీ కదలిక బాగా తక్కువ. “ఒకటి, ఒకటి” అనమని అరచేతి అంచు ఆనిస్తే కుడి కింది భాగంలో కంపనం అందలేదు.

వేలితో తట్టి చూడటంలో పద్ధతి ముఖ్యం. ఎడమ మధ్యవేలిని సందులో, పక్కటెముకకు సమాంతరంగా, గట్టిగా ఆనించాలి; మిగతా వేళ్లు తాకకూడదు. కుడి మధ్యవేలితో మణికట్టు నుంచి రెండుసార్లు కొట్టి వెంటనే ఎత్తేయాలి. మోగే చోటు నుంచి మోగని చోటుకు రావాలి, ప్రతి సందులో ఎడమతో పోల్చుకోవాలి. ఈమెకు కుడి మిడ్ క్లావిక్యులర్ గీత మీద 5వ పక్కటెముక నుంచి మందంగా, అంటే మోగకుండా మొద్దు శబ్దంగా, ఉంది. ఇదొక్కటే చూస్తే కాలేయమే అనిపిస్తుంది, మామూలుగా కాలేయం మందం మొదలయ్యేది కూడా అక్కడే. కానీ చంక మధ్య గీత మీద 4వ సందు నుంచే రాయి మీద తట్టినట్టుంది. వెనుక స్కాపులర్ గీత (రెక్క ఎముక కింది కొన మీదుగా దిగే నిలువు గీత) మీద 7వ సందు నుంచి కిందికంతా అదే శబ్దం. చంకలో ఎత్తుగా, ముందూ వెనకా పల్లంగా సాగే ఈ వంపును ఎల్లిస్ వంపు అంటారు. కాలేయం పెరిగితే మందం ఈ ఆకారంలో రాదు.

తేల్చిచెప్పింది టైడల్ పెర్కషన్. ముందువైపు మందం మొదలైన చోట వేలు ఉంచి, “గాలి గట్టిగా పీల్చి ఆపండమ్మా” అని చెప్పి మళ్లీ తట్టాలి. మందం కాలేయానిదైతే ఊపిరితిత్తి కిందికి దిగి ఆ చోటు మోగుతుంది. నీరైతే మార్పు ఉండదు. ఈమెలో మార్పు లేదు. వెనుకవైపు ఎడమన పీల్చినప్పుడు మోగే అంచు 4 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగింది, కుడిన కదలనే లేదు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అల్ట్రాసౌండ్ లేని చోట కాలేయం చీముగడ్డనూ ప్లూరా నీటినీ వేరు చేయడానికి ఇంతకంటే మంచి సాధనం చేతిలో ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: డయాఫ్రం కింద చీము ఉన్నా, డయాఫ్రం పక్షవాతం వచ్చినా కూడా అంచు కదలదు. అప్పుడు ఆకారం, శబ్దం, చంక ఎత్తు కలిపి చూడాలి.

మందం ఉన్నంత మేర ఊపిరి శబ్దం లేదు. దాని పైఅంచున వేలెడు మేర బ్రాంకియల్ శబ్దం (గొట్టంలో గాలి ఊదినట్టుండే ఊపిరి శబ్దం); అక్కడ “ఈ” అని సాగదీయమంటే స్టెతస్కోపులో “ఏ” అని, ముక్కుతో పలికినట్టు వినబడింది. నీటి పైన నలిగి ఉన్న ఊపిరితిత్తి చేసే పని అది. ఈ గీతను చర్మం మీద గుర్తు పెట్టుకుంటే నీటి పైమట్టం తెలిసినట్టే.

ఎక్స్‌రే, ఇంటూ గుర్తు

నిలబెట్టి తీసిన పీఏ ఎక్స్‌రేలో (కిరణాలు వీపు వైపు నుంచి ముందుకు వెళ్లేది) డయాఫ్రం ఛాతీ గోడను కలిసే కుడి మూల కనబడలేదు, తెల్లటి నీడ చంక వైపు ఎక్కి ఉంది. నిలబెట్టి తీసిన ఫిల్ములో మూల మొద్దుబారాలంటే సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. అల్ట్రాసౌండ్‌కు అందులో పదో వంతైనా చాలు. పడుకోబెట్టి తీస్తే నీరు వెనుక పరుచుకుని ఒక పలుచని మసకలా మాత్రమే కనబడుతుంది, అది చూసి నీరు లేదనుకోకూడదు. ఎక్స్‌రేలో “లోయర్ జోన్” అన్న మాటను “లోయర్ లోబ్” అని చదవడం మామూలు తప్పు. జోన్ ఫిల్ము మీది ఎత్తు, లోబ్ శరీరంలోని భాగం. కింది లోబ్ పైకొన వెనుక మూడో ముల్లు దాకా ఎక్కుతుంది, కాబట్టి మిడ్ జోన్‌లోని మచ్చ కింది లోబ్‌ది కావచ్చు. గుండె కుడి అంచు చెరిగితే మధ్య లోబ్, డయాఫ్రం గీత చెరిగితే కింది లోబ్ అని పట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఇక ఇంటూ గుర్తు. కూర్చోబెట్టి లెక్కపెడితే అది చంక వెనుక గీత మీద, 10వ సందులో ఉంది. అక్కడ అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను చర్మానికి నిటారుగా పెట్టి చూస్తే గాలి వదిలినప్పుడు నీరు 8 మిల్లీమీటర్ల పొర మాత్రమే, దాని వెనుక డయాఫ్రం, ఆ వెంటనే కాలేయం. అక్కడ సూది గుచ్చి ఉంటే కాలేయంలోకే దిగేది.

రిపోర్టులో తప్పు లేదు, నీరు నిజంగానే ఉంది. తేడా కోణంలో వచ్చింది. కడుపు స్కాన్‌లో రోగి వెల్లకిలా పడుకుని ఉంటారు. ప్రోబ్‌ను కింది సందులో పెట్టి, తల వైపు వాల్చి, కాలేయం గుండా డయాఫ్రం పైన ఉన్న నీటిని చూస్తారు. గుర్తు పడేది ప్రోబ్ ఆనిన చోట. ఆ గుర్తు చూసి సూది గుచ్చేవారేమో నిటారుగా గుచ్చుతారు. భంగిమ, కోణం, చర్మం మూడూ మారిపోయాయి. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2010 మార్గదర్శకాలు కూడా, నీరు బాగా ఎక్కువగా ఉంటే తప్ప, ఒక చోట గుర్తు పెట్టి మరోచోట మరోసారి గుచ్చే పద్ధతి వద్దన్నాయి. గుచ్చేవారే, గుచ్చే భంగిమలోనే, అప్పటికప్పుడు చూసుకోవాలి. ప్రోబ్ లేని చోట పాత నియమం పాటించాలి: మందం మొదలైన చోటుకు ఒకటి రెండు సందులు కింద, 9వ పక్కటెముక దాటకుండా.

నీరు తీసిన విధం

ఈమెను మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు స్టూలు మీద ఆనించి, ముందు బల్ల మీద దిండు వేసి చేతులు ముడిచి వాలమన్నాం. ఎంచుకున్న చోటు 8వ సందు, స్కాపులర్ గీతకూ చంక వెనుక గీతకూ మధ్య, వెన్ను నుంచి దాదాపు 10 సెంటీమీటర్ల దూరం. అక్కడ నీరు 5.5 సెంటీమీటర్ల లోతు, గాలి వదిలినప్పుడు కూడా డయాఫ్రం ఒక సందు కిందే ఉంది.

వెన్నుకు దూరంగా ఉండటానికి కారణం రక్తనాళం. సందులో సిర, ధమని, నరం పై నుంచి కిందికి అదే వరుసలో, పై పక్కటెముక కింది గాడిలో దాక్కుని సాగుతాయి. కానీ వెన్ను పక్కన మొదటి 5, 6 సెంటీమీటర్లలో ధమని గాడిలోకి ఇంకా చేరదు, సందు మధ్యలో బయటే ఉంటుంది. పెద్ద వయసువారిలో వంకరలు తిరిగి ఇంకా దూరం అలాగే ఉండవచ్చు. అందుకే రెండు జాగ్రత్తలు కలిపి పాటించాలి: వెన్నుకు దూరం, కింది పక్కటెముక పైఅంచుకు దగ్గర. ఇక్కడ కింది పక్కటెముక అంటే 9వది.

మత్తుకు 2 శాతం లిగ్నోకైన్‌లో అంతే సెలైన్ కలిపి 1 శాతం చేసి వాడాం. కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన 46 కిలోలకు 138 మిల్లీగ్రాములు హద్దు, అంటే 1 శాతం మందు 13 మిల్లీలీటర్ల దాకా, 10 సరిపోయింది. నొప్పి తెలిసేవి మూడు పొరలు: చర్మం, పక్కటెముక మీది పొర, ప్లూరా బయటి పొర. లోపలి పొరకు, ఊపిరితిత్తికి నొప్పి తెలియదు. కాబట్టి చర్మానికి రెండు మిల్లీలీటర్లు, సూది 9వ పక్కటెముకను తాకాక అక్కడ రెండు, మిగతాదంతా ఎముక పైఅంచు దాటి వెనక్కి లాగి చూసుకుంటూ ముందుకు వెళ్తూ ప్లూరా దగ్గర. చాలామంది చర్మానికే ఎక్కువ ఇచ్చి ప్లూరాకు మిగల్చరు. రోగి ఉలిక్కిపడేది, కళ్లు తిరిగి పడిపోయేది అక్కడే. సిరంజిలోకి నీరు వచ్చిన లోతును సూది మీద వేలితో పట్టుకుంటే, పెద్ద సూది ఎంత లోపలికి వెళ్లాలో ముందే తెలుస్తుంది.

తర్వాత 16 నంబరు క్యాన్యులా (సూది మీద ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం), దానికి త్రీ వే (మూడు దారుల కుళాయి). క్యాన్యులాలోని ఉక్కు సూది తీసేటప్పుడు రోగిని గాలి వదిలి ఆపమని చెప్పి వేలితో మూసేయాలి. ఆ క్షణంలో పీలిస్తే గాలి లోపలికి పోతుంది. మొదటి 50 మిల్లీలీటర్లు పరీక్షలకు. ఆ తర్వాత నెమ్మదిగా మొత్తం 1,100 మిల్లీలీటర్లు వచ్చాక దగ్గు మొదలైంది, ఆపేశాం. ఇంకా వస్తున్నా ఆపాలి. ఒక విడతకు 1,500 దాటనివ్వకూడదు, దగ్గు గానీ ఛాతీలో బిగపట్టినట్టు గానీ ఉంటే అంతకుముందే ఆపాలి. చాలా రోజులు నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దాని గోడల్లోంచి నీరు ఊరి ప్రమాదం తెస్తుంది.

ఇదే చోట చీము వచ్చి ఉంటే వెనుక నుంచి ట్యూబు వేసేవాళ్లం కాదు. ట్యూబుకు చంకలోని సేఫ్ ట్రయాంగిలే: ముందు పెక్టొరాలిస్ మేజర్ (ఛాతీ పెద్ద కండరం) అంచు, వెనుక లాటిస్సిమస్ డార్సై (వీపు వెడల్పు కండరం) అంచు, కింద 5వ సందు ఎత్తు. అక్కడ కండరం పలుచన, రోగి దాని మీద పడుకోనక్కర్లేదు.

ఫలితాలు, చికిత్స

నీరు లేత పసుపు. ప్రొటీన్ 5.1 గ్రాములు, రక్తంలో 6.8, నిష్పత్తి 0.75. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ నీటిలో 520, రక్తంలో 240. లైట్ ప్రమాణాల ప్రకారం ప్రొటీన్ నిష్పత్తి 0.5 దాటినా, ఎల్‌డీహెచ్ నిష్పత్తి 0.6 దాటినా ఎగ్జుడేటే, అంటే ప్లూరా జబ్బు వల్ల ఊరిన నీరే. ఇక్కడ రెండూ దాటాయి. కణాలు 1,800, అందులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 88 శాతం. గ్లూకోజ్ 68. ఏడీఏ (ప్లూరా టీబీలో పెరిగే ఎంజైమ్) 72, హద్దు 40. క్యాన్సర్ కణాలు లేవు. నీటిలో సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగటివ్, కఫంలోనూ నెగటివ్. హెచ్‌ఐవీ లేదు.

సీబీనాట్ నెగటివ్ అని టీబీ కాదనుకోకూడదు. ప్లూరా టీబీలో నీటిలో క్రిములు చాలా తక్కువ. నీరు ఊరేది ఎక్కువగా శరీరం చూపే ప్రతిస్పందన వల్ల. లింఫోసైట్లు ఎక్కువ, ఏడీఏ ఎక్కువ, వయసు, ఇంట్లో టీబీ చరిత్ర కలిపి చూసి చికిత్స మొదలుపెట్టాం. ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేసి, 35 నుంచి 49 కిలోల బరువు వరుస ప్రకారం రోజుకు మూడు మాత్రలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మూడు మందులవి. పోషకాహారానికి నెలకు వచ్చే 1,000 రూపాయలకు బ్యాంకు వివరాలు అదే రోజు ఇప్పించాం. బరువు 50 దాటితే మాత్రల సంఖ్య మారుతుంది కాబట్టి ప్రతి నెలా తూచమని రాశాం.

తర్వాత

నీరు తీసిన గంటకు శ్వాస 20కి దిగింది. స్కాపులర్ గీత మీద మందం 9వ సందుకు జారింది. జ్వరం రెండో వారం చివరికి పోయింది. రెండు నెలలకు ఎక్స్‌రేలో మూల కాస్త మొద్దుగా మాత్రమే ఉంది, బరువు 49.

ఆరు నెలలకు మందులు ఆపినప్పుడు కుడి వెనుక 10వ పక్కటెముక దగ్గర ఇంకా కొంత మందం, ఊపిరి శబ్దం కాస్త తక్కువ. టైడల్ పెర్కషన్‌లో కుడి అంచు 2.5 సెంటీమీటర్లు దిగుతోంది, ఎడమ 5. అల్ట్రాసౌండ్‌లో నీరు లేదు. రిసెస్ అడుగున ప్లూరా పొరలు దళసరిగా అతుక్కుని ఉన్నాయి. ఇలా మిగిలిన దళసరి పొరను నీరనుకుని మళ్లీ సూది గుచ్చడం, టీబీ తిరగబెట్టిందని మళ్లీ మందులు మొదలుపెట్టడం రెండూ జరుగుతుంటాయి. అందుకే ఈమె చేతికిచ్చిన డిశ్చార్జ్ కాగితం మీద ఏ గీత మీద, ఎన్నో పక్కటెముక దగ్గర మందం మిగిలిందో, అంచు ఎన్ని సెంటీమీటర్లు కదులుతోందో, చివరి అల్ట్రాసౌండ్‌లో పొర ఎంత దళసరో అంకెలతో రాసి, ఆ రోజు ఎక్స్‌రే ఫిల్మునూ జతచేశాం. జ్వరం, బరువు తగ్గడం, కొత్తగా ఆయాసం లేనంతవరకు ఆ మందాన్ని ముట్టుకోవద్దని, మందం 9వ పక్కటెముక దాటి పైకి ఎక్కితే మాత్రం ముందు అల్ట్రాసౌండ్ చేయమని కింద ఒక వరుస చేర్చాం.